తోడు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో వికలాంగులకు స్వచ్ఛంద సేవ

వైకల్యం ఉన్న వ్యక్తి తన హక్కును తాను వాడుకోవడానికి, తన పని తాను చేసుకోవడానికి మరొకరు జీతం ఆశించకుండా, క్రమం తప్పకుండా అందించే సాయాన్ని వికలాంగులకు చేసే స్వచ్ఛంద సేవ అనవచ్చు. ఇందులో 'క్రమం తప్పకుండా' అన్న మాటను పట్టుకుంటేనే విషయం తెలుస్తుంది. ఏడాదికోసారి డిసెంబరు 3న సభ పెట్టి పండ్లు పంచడం మంచి పనే. కానీ పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లకు, పరీక్ష రాయాల్సిన అంధ విద్యార్థికి, ధ్రువపత్రం కోసం జిల్లా ఆసుపత్రికి పోవాల్సిన ముసలాయనకు ఆ సభ ఆసరా కాదు. కృష్ణకు దక్షిణాన గుంటూరు నుంచి ఒంగోలు దాకా, పడమట పల్నాడు, మార్కాపురం మెట్టల దాకా పరచుకున్న పత్తి, మిరప నేలలకు ఈ మాట మరీ వర్తిస్తుంది. ఇక్కడ చట్టం ఉంది, పింఛను ఉంది, పెట్టే చేతులూ ఉన్నాయి. కొరతల్లా వాటికీ మనిషికీ మధ్య నిలబడి దారి చూపే తోడుకే. ఆ కొరత ఎక్కడెక్కడ ఉందో, దాన్ని ఎవరు ఎలా తీర్చగలరో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేరు, ప్రాంతం

వైకల్యం ఉన్నవారిని పిలవడానికి తెలుగులో మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. సంఘాలు, పత్రికలు, పల్లెల జనం ఎక్కువగా 'వికలాంగులు' అంటారు. రాష్ట్ర ప్రభుత్వ శాఖ 'విభిన్న ప్రతిభావంతులు' అంటుంది. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగం తర్వాత 'దివ్యాంగులు' అన్న మాట వ్యాపించింది. ఏ పేరు గౌరవమో తేల్చే హక్కు ఆ పేరు మోసేవారిది. హక్కుల కోసం పోరాడే సంఘాలు తమ పేర్లలోనే 'వికలాంగుల' అన్న మాట పెట్టుకున్నాయి కాబట్టి ఈ వ్యాసమూ ఆ మాటనే వాడుతుంది.

ప్రాంతం విషయానికొస్తే, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలు కలిపి 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు పుట్టాయి, ప్రకాశంలోని చీరాల వంటి ప్రాంతాలు బాపట్లలో కలిశాయి. మామూలు మనిషికి ఇది పటం మీద గీత మార్పే. కర్ర ఊతంతో నడిచే మనిషికి మాత్రం ఏ ఊరి కార్యాలయానికి, ఎన్ని బస్సులు మారి వెళ్లాలన్న ప్రశ్న అది. జిల్లా కేంద్రం దగ్గరైనవారికి మేలు జరిగింది. కానీ పాత కాగితాల మీద ఒక జిల్లా, కొత్త అర్జీ మీద మరో జిల్లా ఉన్నప్పుడు ఏ గడప తొక్కాలో చెప్పే మనిషి అవసరం ముందుకన్నా పెరిగింది.

ఈ నేలలో వైకల్యానికి మూలాలు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు సుమారు 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22.66 లక్షల మంది. దేశంలోని వికలాంగుల్లో 69 శాతం పల్లెల్లోనే ఉన్నారు. వారిలో చదవను, రాయను వచ్చినవారు 55 శాతం, ఏదో ఒక పనిలో ఉన్నవారు 36 శాతం మాత్రమే. ఆ లెక్కలు ఎనిమిది రకాల వైకల్యాలనే గుర్తించాయి. ఇప్పటి చట్టం 21 రకాలను గుర్తిస్తుంది కాబట్టి అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువే ఉండాలి. పుట్టుకతో వచ్చే వైకల్యాలు, వయసుతో వచ్చే చూపు, వినికిడి లోపాలు, పోలియో వదిలి వెళ్లిన తరం అన్నిచోట్లా ఉన్నాయి. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. కానీ అంతకుముందు కాళ్లు చచ్చుబడినవారు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. అప్పట్లో ఎత్తుకుని తిప్పిన తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యారు. వారి తర్వాత ఎవరన్న ప్రశ్న అనేక ఇళ్లలో ఉంది.

దీనికి తోడు ఈ ప్రాంతానికి తనవైన కారణాలు రెండున్నాయి. మొదటిది నీరు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వివరించారు. మన దేశంలో ఈ జబ్బుకు తొలి వైద్య నివేదిక అదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లావే, తర్వాత ప్రకాశంలో కలిశాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గారలు వస్తాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. వంగిన ఎముకను మందు తిరిగి నిలబెట్టలేదు. మార్కాపురం, కనిగిరి మెట్టలకు కృష్ణా జలాలు తెచ్చే వెలిగొండ పథకాన్ని ఇక్కడి జనం సాగునీటి కోసమే కాక తాగునీటి కోసమూ దశాబ్దాలుగా కోరుతున్నది ఇందుకే. ఫ్లోరోసిస్ అన్న పేరు చట్టంలోని 21 వైకల్యాల పట్టికలో విడిగా లేదు, దాన్ని చలన వైకల్యం కిందే కొలవాలి. అంటే ధ్రువపత్రం అడిగేటప్పుడు జబ్బు పేరు చెబితే చాలదు, కదలిక ఎంత తగ్గిందో చూపించాలి. ఈ సంగతి తెలియక వెనక్కి తిరిగేవారికి ఒక్క మాట ముందే చెప్పగలిగినవాడు పెద్ద సాయం చేసినట్టే.

రెండోది పంట. పత్తి, మిరప రెండూ పురుగుమందుల మీద నడిచే పంటలు. 1987, 88ల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, ఆత్మహత్యలు దేశమంతటా చర్చకు వచ్చాయి. ఆ సంక్షోభాన్ని లెక్కించినవారు చావులనే లెక్కించారు. పురుగుమందు తాగి బతికి బయటపడినవారిని, పిచికారీ చేస్తూ గాలి పీల్చి పడిపోయినవారిని పెద్దగా ఎవరూ లెక్క పెట్టలేదు. ఆర్గానోఫాస్ఫరస్ మందులు నరాల మధ్య సంకేతాలు నడిపే ఎంజైమును అడ్డుకుంటాయి. వాటిలో కొన్నిటి వల్ల, ప్రాణం దక్కిన రెండు మూడు వారాలకు కాళ్ల నరాలు బలహీనపడటం వైద్యులకు తెలిసిన విషయమే. ఇక కోత యంత్రాలు, ట్రాక్టర్లు, జిన్నింగ్ మిల్లుల దగ్గర జరిగే ప్రమాదాలు, మిరప యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) మోసి దెబ్బతినే హమాలీల నడుములు వేరే. ఈ నేల ఎర్రబంగారం, తెల్లబంగారం పండిస్తూ వైకల్యాన్నీ పుట్టిస్తోంది కాబట్టి తోడ్పాటు ఈ ప్రాంతం తీర్చుకోవలసిన బాకీ. దీన్ని దయగా చూస్తే లెక్క తప్పుతుంది.

సేవ నడిచిన దారి

ఇక్కడ వ్యవస్థగా నడిచిన సేవ వైద్య మిషన్లతో మొదలైంది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన వైద్యురాలు అనా సారా కుగ్లర్ 1898లో గుంటూరులో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ కుష్ఠు రోగులకు వైద్యశాల నడిపింది. ఊరు వెలివేసినవారికి చోటిచ్చిన ఆ సంస్థల రుణం తీరేది కాదు. కానీ ఆ నమూనాలో సేవ పొందేవాడు ఆవరణలో ఉంటాడు, ఊరు బయట ఉంటుంది. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం నెలకొల్పిన ఆశ్రమ పాఠశాలలూ చాలావరకు అదే దారి పట్టాయి. బాపట్లలోని బధిరుల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, కళాశాల వల్ల ఎందరో పిల్లలు చదువుకున్నారు. చదువు ముగించి ఊరికి వచ్చాక వారితో సంకేత భాషలో మాట్లాడగలిగినవారు ఇంట్లో కూడా ఉండరు. లోటు అక్కడ మొదలవుతుంది.

2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే పేదరిక నిర్మూలన కార్యక్రమాల కింద ఇంకో దారి పడింది. మహిళా పొదుపు సంఘాల తరహాలోనే వికలాంగులకు గ్రామ సంఘాలు, వాటి మీద మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడ్డాయి. సాయం అందుకునేవారే కుర్చీలు వేసుకుని కూర్చుని, ఎవరికి ఏం కావాలో తీర్మానాలు రాసుకున్నారు. ఈ మార్పు చిన్నది కాదు. వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి సంస్థలు పింఛను పెంపు కోసం రోడ్డెక్కడానికి ఈ నేపథ్యమే బలమైంది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ధ్రువీకరించింది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి చట్టంలో ఏడు వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్, 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం వాటా ఈ చట్టం ఇచ్చింది.

డబ్బు చేరింది, దారి చేరలేదు

లోటు డబ్బులో కన్నా తోడులో ఉందనడానికి బలమైన సాక్ష్యం పింఛనే. 2024 జులై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలైన పంపిణీతో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 5,000 నుంచి 15,000కు పెరిగింది. అనేక రాష్ట్రాలు ఇచ్చేదాని పక్కన ఇది చాలా పెద్ద మొత్తం. ఈ డబ్బు ఇళ్లలో గౌరవాన్ని పెంచింది, మందులకు అప్పు తగ్గించింది. అయితే డబ్బు పాఠం చదివి వినిపించదు, ట్రైసైకిల్ బాగుచేయదు, వైద్య బోర్డు ముందు మాట్లాడదు. 2025లో పింఛనుదారుల వైకల్య శాతాన్ని మళ్లీ పరీక్షించే కార్యక్రమం నడిచినప్పుడు ఇది బయటపడింది. పింఛను రద్దు నోటీసు అందుకున్నవారికి అప్పీలు అవకాశం ఉండింది. కానీ ఆ కాగితం చదివి, గడువు చూసి, పాత వైద్య రికార్డులు వెతికి జతచేయగల మనిషి ఇంట్లో లేకపోతే హక్కు ఉన్నా లేనట్టే. అనర్హులను ఏరివేయడం న్యాయమే. అర్హుడు కాగితం చేతగాక రాలిపోతే అది అన్యాయం. ఈ రెంటికీ మధ్య తేడా చాలాచోట్ల చదువొచ్చిన ఒక మనిషి పెట్టగలిగే అరపూట సమయం.

ధ్రువపత్రం దగ్గరే చిక్కు మొదలవుతుంది. జనం నోట 'సదరం సర్టిఫికెట్' అని పలికే ఆ కాగితానికి గ్రామ సచివాలయంలో స్లాటు తీసుకోవాలి, చెప్పిన రోజుకు చెప్పిన ఆసుపత్రికి వెళ్లాలి. 2021 జూన్ నుంచి దేశమంతటా ధ్రువపత్రాలు కేంద్రం నడిపే యూడీఐడీ (విశిష్ట వైకల్య గుర్తింపు) పోర్టల్ ద్వారానే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. మాచర్ల మండలంలోని తండా నుంచో, కనిగిరి అవతలి పల్లె నుంచో నడవలేని మనిషిని తీసుకురావడానికి ఆటో కావాలి, ఒకరి కూలి పోవాలి, ఆసుపత్రిలో ఏ గది ముందు నిలబడాలో తెలియాలి. మానసిక అనారోగ్యం, బుద్ధి మాంద్యం, ఆటిజం వంటి వాటికి పైకి కనిపించే గుర్తు ఉండదు కాబట్టి ఇంటివారు రోజువారీ ఇబ్బందిని విడమరచి చెప్పాలి. చెప్పలేకపోతే శాతం తగ్గుతుంది.

తోడు కావలసిన చోట్లు

బడి మొదటి చోటు. సమగ్ర శిక్షా కింద మండలాల్లో 'భవిత' కేంద్రాలు ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు, ఫిజియోథెరపీ అందిస్తాయి. కదలలేని పిల్లల ఇళ్లకు ఉపాధ్యాయులు వెళ్లే ఏర్పాటూ ఉంది. ఒక్కో ఉపాధ్యాయుడి మీద పదుల ఊళ్ల భారం ఉంటే ఒక బిడ్డకు అందే సమయం ఎంత ఉంటుందో ఊహించవచ్చు. ఆ మధ్య రోజుల్లో, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు చూపించిన ఆటనో అభ్యాసాన్నో ఇంటి దగ్గర అరగంట చేయించే ఊరి యువతి ఉంటే పిల్ల ప్రగతి నిలబడుతుంది. కేంద్రానికి తీసుకెళ్లి తీసుకురావడం కూడా సేవే.

పరీక్ష రెండో చోటు. కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాలు అర్హులైన అభ్యర్థికి లేఖకుణ్ని పెట్టుకునే హక్కును, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇచ్చాయి. సొంతంగా తెచ్చుకునే లేఖకుడి చదువు అభ్యర్థి రాసే పరీక్ష కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని అవి చెప్పాయి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 40 శాతం వైకల్యం లేకున్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి లేఖకుణ్ని నిరాకరించరాదని చెప్పింది. తీర్పు ఉన్నా, పరీక్ష ఉదయం రాయగల మనిషి రావాలి. డిగ్రీ పరీక్ష రాసే అంధ విద్యార్థికైనా, పదో తరగతి పిల్లకైనా అంతకన్నా తక్కువ తరగతి చదివిన మనిషి కావాలి. జూనియర్ కళాశాలలు, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల జాతీయ సేవా పథకం విభాగాలు ముందుగానే లేఖకుల పట్టిక తయారు చేసుకుంటే చివరి రోజు పరుగు ఉండదు. పొరుగు జిల్లా అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టు అంధుడు. పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోతే న్యాయస్థానానికి వెళ్లి అనుమతి సాధించారు. పాఠ్యపుస్తకాలను ఒక అధ్యాపకురాలు చదివి రికార్డు చేసి ఇచ్చారు, ఇంటర్‌లో 98 శాతం వచ్చింది, ఎంఐటీ దాకా వెళ్లారు, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి వికలాంగులకు ఉద్యోగాలిచ్చారు. న్యాయస్థానం తలుపు తెరిచింది, లోపల నడవడానికి ఒక గొంతు తోడైంది. రెంటిలో ఏది లేకున్నా కథ అక్కడే ఆగేది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అంధులు చదువుకోగల పుస్తకాల ఆన్‌లైన్ గ్రంథాలయం. మన పాఠ్యపుస్తకాలను స్పష్టంగా చదివి రికార్డు చేయడం, స్కాన్ చేసిన పాఠంలో అక్షర దోషాలు దిద్దడం ఇంట్లో కూర్చునే చేయగల సేవ.

పరికరాలు మూడో చోటు. ట్రైసైకిళ్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు కేంద్రం 1981లో మొదలుపెట్టిన ఆడిప్ పథకం ద్వారా, సేవా క్లబ్బుల శిబిరాల ద్వారా వస్తూనే ఉన్నాయి. కానీ ఇది నల్లరేగడి నేల. వానాకాలం బురద చక్రాలకు అంటుకుంటే బలమైన కాళ్లకే కదలడం కష్టం. ట్యూబు పంక్చరై, బేరింగులు అరిగి, బ్రేకు తెగి మూలన పడ్డ ట్రైసైకిల్‌ను బాగుచేసేవారు లేక మళ్లీ శిబిరంలో ఇంకోటి అడగాల్సి వస్తుంది. ఊరి సైకిల్ మెకానిక్ నెలకో పూట ఈ పని ఒప్పుకుంటే, గ్రామంలోని నలుగురు యువకులు వికలాంగుడి ఇంటి నుంచి రోడ్డు దాకా కంకర పోసి దారి చదును చేస్తే, కొత్త బండి ఇచ్చినంత మేలు. వినికిడి యంత్రానికి సెల్లు మార్చడం, చెవిలో అచ్చు సరిగా కూర్చుందో లేదో చూడటం కూడా అంతే. వాడకంలో లేని పరికరం దాత జాబితాలో మాత్రమే బతుకుతుంది.

పని, కోతల కాలం నాలుగో చోటు. పత్తి తీత శీతాకాలంలో, మిరప కోత జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ రోజుల్లో ఊళ్లలో ఆడవాళ్ల కూలికి గిరాకీ ఎక్కువ, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు వలస వచ్చి పని చేస్తాయి. మెదడు పక్షవాతం ఉన్న బిడ్డ తల్లి మాత్రం ఇల్లు కదలలేదు. ఏడాది సంపాదనలో పెద్ద భాగం వచ్చే నాలుగు నెలలు ఆమెకు చేతికందవు. ఊరి స్త్రీలు, పొదుపు సంఘాలు వంతులవారీగా ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే ఆ ఇంటి ఆదాయమే మారుతుంది. మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్లలోనూ ఇంతే. ఈ ప్రాంతంలో అన్నిటికన్నా అవసరమైన, అన్నిటికన్నా తక్కువ కనిపించే సేవ ఇది. దీనికి డబ్బు అక్కర్లేదు, మాట తప్పని మనిషి కావాలి. మరోవైపు వికలాంగులకే పని దొరకాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కింద వికలాంగుల శ్రమశక్తి సంఘాలు ఏర్పాటు చేశారంటే, పనిని మనిషికి తగ్గట్టు మలచవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మిరప తొడిమలు తీయడం వంటి కూర్చుని చేసే పనులు, శీతల గిడ్డంగుల లెక్కలు, యార్డు కార్యాలయాల్లో కంప్యూటర్ పని కాళ్లు లేనివారూ చేయగలరు. ఘాటు తగలకుండా గాలి ఆడే చోటు, ఎత్తైన బల్ల, ర్యాంపు, మరుగుదొడ్డి లేకపోవడమే అడ్డంకి.

వాలంటీర్ అన్న మాట నేర్పిన పాఠం

ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ అనగానే జనానికి గుర్తొచ్చేది 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ వ్యవస్థ. సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, ఒకటో తేదీన గడప దగ్గరికే పింఛను. కదలలేని మనిషికి ఆ గడప దగ్గరి డబ్బు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేం. యాభై ఇళ్లకు ఒక మనిషి ఉంటే ఎవరూ లెక్క తప్పిపోరని ఆ వ్యవస్థ చూపించింది. అయితే ఎన్నికల వేళ ఆ మనుషుల పక్షపాతం మీద అనుమానాలు రేగి, 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వారిని పంపిణీకి దూరం పెట్టింది, ఏప్రిల్‌లో పద్ధతే మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత సచివాలయ ఉద్యోగులు ఇళ్లకు వెళ్లి ఇస్తున్నారు. దీనినుంచి రెండు విషయాలు నేర్చుకోవాలి. దగ్గరితనం నిజంగా పనిచేస్తుంది, దాన్ని పోగొట్టుకోకూడదు. అలాగే ప్రభుత్వం జీతమిచ్చి నియమించిన మనిషి ప్రభుత్వంతో పాటే మారిపోతాడు. కాబట్టి డబ్బు పంపిణీ ప్రభుత్వ ఉద్యోగి పనిగా ఉండాలి. తోడు మాత్రం ఊరి పనిగా, ఏ పార్టీకీ చెందని పనిగా ఉండాలి.

అభ్యంతరాలు, సమాధానాలు

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, స్వచ్ఛంద సేవ పేరుతో ప్రభుత్వాన్ని తప్పించడం కాదా అన్నది మొదటి అభ్యంతరం. ఇది బరువైన ప్రశ్న. ర్యాంపు కట్టడం, ప్రత్యేక ఉపాధ్యాయుణ్ని నియమించడం, సంకేత భాష దుబాసీని పెట్టడం ప్రభుత్వ బాధ్యతలే, వాటిని పౌరుడు భర్తీ చేయకూడదు. కానీ అర్జీ రాసేవాడు లేని చోట బాధ్యత గుర్తుచేసేవాడే ఉండడు. సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వికలాంగుడితో వెళ్లి అర్జీ రసీదు తీసుకుని, పరిష్కారం అయ్యేదాకా వెంటపడే తోడు ప్రభుత్వాన్ని తప్పించదు, పట్టి నిలబెడుతుంది.

శిక్షణ లేనివారు మేలు కన్నా కీడు చేస్తారన్నది రెండోది. ఇది నిజం. బిగుసుకున్న కాలిని తెలియకుండా లాగితే ఎముక దెబ్బతింటుంది, మింగలేని బిడ్డకు తప్పుగా తినిపిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే చికిత్స, బోధన భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్నవారి పనులు. సేవకుడిది వారు చూపించినంత వరకే. 1984 నుంచి సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ మేధో వైకల్య సంస్థ, దాని ఆధ్వర్యంలో నెల్లూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రం తల్లిదండ్రులకు, సేవకులకు శిక్షణ ఇవ్వగలవు. ఒంటరిగా ఉన్న పిల్లల దగ్గరికి, మాట రాని స్త్రీల దగ్గరికి కొత్తవారిని ఒంటరిగా పంపకూడదన్న నియమం కూడా ఇందులో భాగమే. మంచి ఉద్దేశం రక్షణకు ప్రత్యామ్నాయం కాదు.

మన కుటుంబాలు చూసుకుంటున్నాయి, బయటివారెందుకన్నది మూడోది. కుటుంబం చూసుకుంటుందన్న మాట వెనుక సాధారణంగా ఒక తల్లో, ఒక అక్కో ఉంటుంది. ఆమె చదువు, ఆమె కూలి, ఆమె నిద్ర ఆ మాటకు చెల్లించిన ధర. ఆమె లేని రోజు ఏమిటన్న ప్రశ్నకు 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కొంత జవాబిచ్చింది. ఆటిజం, మెదడు పక్షవాతం, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి జిల్లా కలెక్టరు, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు ఉన్న స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమించవచ్చు. ఆ ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. ఈ రెండు మాటలూ ఆ తల్లికి చేరవేయడం కూడా తోడే.

వికలాంగులు జాలి వస్తువులు కారన్నది నాలుగోది, అన్నిటిలోకీ న్యాయమైనది. దీనికి జవాబు సేవను ఆపడంలో లేదు, పగ్గాలు వారి చేతికివ్వడంలో ఉంది. ఏం కావాలో మండల సమాఖ్యే చెప్పాలి. వచ్చినవాడు అడిగి చేయాలి, అడగకుండా చక్రాల కుర్చీని తోయకూడదు, అంధుడి చెయ్యి తాను పట్టుకోకుండా తన మోచెయ్యి అతనికి అందించాలి, ఫొటో అనుమతి లేకుండా తీయకూడదు. వికలాంగులే సేవకులుగా నిలిచినప్పుడు మాట మరింత బలంగా చేరుతుంది. ఒక బధిర యువకుడు పంచాయతీ సిబ్బందికి నేర్పే పది సంకేతాలు బయటివారి ఉపన్యాసం కన్నా విలువైనవి.

ఎక్కడ మొదలుపెట్టాలి

సేవ చేయాలనుకునేవారికి, సాయం కావలసినవారికి దారులు దాదాపు ఒకటే. ఊళ్లో సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడి దగ్గర పింఛను, ధ్రువపత్రాల వివరాలుంటాయి. మండలంలో భవిత కేంద్రం, వికలాంగుల సమాఖ్య ఉన్నాయి. జిల్లా కేంద్రంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయం ఉంటుంది. పెదకాకాని శంకర నేత్ర వైద్యశాల వంటి చోట్ల కంటి శిబిరాలకు రోగులను చేర్చి, శస్త్రచికిత్స తర్వాత ఇంటికి దించే మనుషుల అవసరం ఉంటుంది. ఎన్నికల రోజుల్లో పోలింగు కేంద్రాల దగ్గర వికలాంగ ఓటర్లకు సాయపడేందుకు విద్యార్థులను వాడుకుంటారు. 2024 ఎన్నికల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. మనసు కుంగినవారి కోసం టెలి మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది.

ఒక ఊరికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఊళ్లో వికలాంగులు ఎందరు, ఎవరికి ధ్రువపత్రం లేదు, ఏ బిడ్డ బడికి పోవడం లేదు, ఏ బండి మూలన పడింది, ఏ తల్లి కోతలకు వెళ్లలేకపోతోంది అని, వారి అనుమతితో, ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు, పని తానే కనిపిస్తుంది. ఆ పుస్తకంలోని ఒక్క పేరును ఒక్క మనిషి ఏడాది పాటు వదలకుండా పట్టుకుంటే అది వంద పంపిణీ సభలకు సమానం. ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యేలోగా మీ వీధిలో అలాంటి ఒక ఇల్లు ఎక్కడుందో కనుక్కోండి. ఆ గడప ముందు నిలబడి ఏం కావాలో వారినే అడగండి. ఆ తర్వాత మాట తప్పకండి.